తేడా ఎక్కడుంది? – ముడిఖనిజం సాంద్రీకరణ, లోహశుద్ధి మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఒక లెక్కతో మొదలుపెడదాం. పెన్నున్నవాళ్లు రాసుకోండి, ఇవాళంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతాం.

వెయ్యి కిలోల రాగి ముడిఖనిజం తీసుకున్నాం. అందులో రాగి ఎంతుంటుంది? ఇప్పుడు తవ్వుతున్న పెద్ద పెద్ద గనుల్లో చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. మనం 0.6 శాతం అనుకుందాం. అంటే వెయ్యి కిలోలకి 6 కిలోలు. ఆ 6 కిలోలు కూడా ఎర్రగా మెరుస్తూ విడి రాగిలా ఉంటాయా? ఉండవు. చాల్కోపైరైట్‌లో ఉంటాయి. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. స్వచ్ఛమైన చాల్కోపైరైట్‌లో రాగి 34.6 శాతం. కాబట్టి 6 కిలోల రాగి ఉండాలంటే సుమారు 17 కిలోల చాల్కోపైరైట్ ఉండాలి. మిగతా 983 కిలోలు? రాయి. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం, కాస్త పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం). పుస్తకం భాషలో ఖనిజ మాలిన్యం.

ఇప్పుడు ప్రశ్న. ఈ మొత్తాన్నీ కొలిమిలో పోసి కరిగించేస్తే ఏం? రాగి బయటికి రాదా? ఇంధనం దండగ అంటారు. నిజమే, వెయ్యి కిలోల రాయిని 1200 డిగ్రీలు దాటించాలి కదా. కానీ అంతకన్నా పెద్ద అడ్డంకి ఇంకోటుంది. రాగి కొలిమిలోంచి వచ్చే లోహమలం, అదే స్లాగ్, దాన్ని మళ్లీ శుద్ధి చేయకముందు అందులో ఒక శాతం అటూఇటూగా రాగి ఉండిపోతుంది. మన ముడిఖనిజంలో ఉన్నదెంత? 0.6 శాతం. అర్థమైందా? ఉన్న రాగి అంతా స్లాగ్‌కే సరిపోతుంది. కొలిమి ఎంత బాగా నడిచినా చేతికి వచ్చేది సున్నా. సాంద్రీకరణ, అంటే రాయిని ముందే వేరుచేసి ఖనిజం శాతం పెంచడం, ఖర్చు తగ్గించుకోవడానికి చేసే పని అని చాలామంది అనుకుంటారు. కాదు. అది లేకపోతే ఈ రాగి అసలు రాదు.

సరే, వేరుచేయాలి. ఎలా? సాంద్రీకరణ పద్ధతులు ఓ జాబితా, లోహశుద్ధి పద్ధతులు ఇంకో జాబితా, రెండూ పరీక్షకి బట్టీ పడతారు. నన్నడిగితే అవి రెండు జాబితాలు కావు. అన్నిచోట్లా అడిగేది ఒకటే: కావలసినదానికీ అక్కర్లేనిదానికీ తేడా ఎక్కడుంది? బరువులోనా, అయస్కాంతం లాగడంలోనా, నీటికి తడవడంలోనా, మరిగే ఉష్ణోగ్రతలోనా, ఎలక్ట్రాన్లు వదులుకోవడంలోనా? ఆ తేడా ఎంత పెద్దదో చూసి పద్ధతి ఎంచుకుంటాం. తేడా లేనిచోట ఎంత గొప్ప పేరున్న పద్ధతైనా పనిచేయదు. అలాంటి ఉదాహరణలు చివర్లో చూద్దాం.

తేడా పట్టుకోవాలంటే ముందు ఖనిజం రాయి నుంచి విడిపడాలి. రాయిలో అది ఇరుక్కుపోయి ఉంటే దాని బరువు, దాని ఉపరితలం ఏవీ మనకి అందవు. అందుకే పగలగొట్టడం, నూరడం. ఎంతవరకు నూరాలి? ఖనిజం రేణువు రాయిలో ఏ సైజులో ఉందో అంతవరకు. రాగి ముడిఖనిజాల్లో మామూలుగా 100 నుంచి 200 మైక్రాన్ల దాకా నూరుతారు. ఆ సైజు జల్లెడలోంచి 80 శాతం దిగితే చాలు అని లెక్క పెట్టుకుంటారు. ప్లాంటులో కరెంటు ఎక్కువ తినేది ఇక్కడే, ఈ నూరుడు దగ్గరే.

తక్కువ నూరితే ఏమవుతుంది? సగం రాయి, సగం ఖనిజం అతుక్కున్న రేణువులు మిగులుతాయి. మిడ్లింగ్స్ అంటారు వాటిని. ఖనిజం వైపు పంపితే సరుకు, అంటే సాంద్రీకరించిన ఖనిజం, నాసి; పారేసే వైపు పంపితే రాగి నష్టం. మరి బాగా మెత్తగా నూరేస్తే పోలేదా? అదీ తప్పే. 10 మైక్రాన్ల కన్నా చిన్నవైపోతే అవి బురద. గాలి బుడగకి తగలవు, నీళ్లు ఎటు పోతే అటు పోతాయి. ఇందులో ఒక తమాషా ఉంది. బాల్ మిల్లు నుంచి వచ్చినదాన్ని హైడ్రోసైక్లోన్‌లో, అంటే సుడితో ముతకని వేరుచేసే గరాటులో, తిప్పి, ముతకని వెనక్కి మిల్లుకి పంపుతారు కదా. సైక్లోన్‌కి సైజు ఒక్కటే కాదు, బరువు కూడా లెక్కే. గెలీనా (సీసం ఖనిజం) లాంటి బరువైన ఖనిజం చాలినంత మెత్తబడ్డాక కూడా ముతక రాయితో కలిసి మళ్లీ మిల్లులోకే పోతుంది. మళ్లీ నలుగుతుంది, మళ్లీ పోతుంది. చివరికి మనకి కావలసిన ఖనిజమే బురదై కూర్చుంటుంది, అక్కర్లేని రాయి మాత్రం సరైన సైజులో ఉంటుంది! సీసం రికవరీ, అంటే ముడిఖనిజంలోంచి చేతికి దక్కే వంతు, పడిపోయినప్పుడు రసాయనాలు మార్చడానికి ముందు, టెయిలింగ్స్‌ని, అంటే పారేసే మిగులుని, సైజులవారీగా జల్లించి ఏ సైజులో సీసం పోతోందో చూడమనేది అందుకే.

ఇక పద్ధతులు. చేత్తో ఏరడం గురించి చెప్పాల్సిందేమీ లేదు. బరువు తేడా గురించి ఒక చిన్న సూత్రం చెబుతాను, ఉపయోగపడుతుంది. బరువైనదాని సాంద్రతలోంచి నీటి సాంద్రత 1 తీసేయండి. తేలికైనదాని సాంద్రతలోంచీ 1 తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 2.5 దాటితే బరువు ఆధారంగా సులువుగా వేరవుతుంది. 1.25 కన్నా తక్కువైతే ఆశ వదిలేసుకోండి. తగరం ఖనిజం కాసిటరైట్, సాంద్రత 7 అనుకుందాం. క్వార్ట్జ్ 2.65. ఆరు బై 1.65, అంటే 3.6. అందుకే తగరానికి నీటి ధార, జిగ్గు, ఊగే బల్లలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. మన చాల్కోపైరైట్ సంగతి? సాంద్రత 4.2. అంటే 3.2 బై 1.65, సుమారు 1.9. ముతకగా ఉంటే ఏదో కాస్త కుదురుతుంది. కానీ మనం 150 మైక్రాన్లకి నూరాం. అంత సన్నటి సైజులో ఈ తేడా చాలదు. నీళ్లతో కడిగితే రాగి కూడా కొట్టుకుపోతుంది.

అయస్కాంతం చాల్కోపైరైట్‌కి పనిచేయదు, ఇనుము ఖనిజం మాగ్నటైట్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాసిటరైట్‌తో పాటు టంగ్‌స్టన్ ఖనిజం వోల్ఫ్రమైట్ కలిసి ఉంటే అక్కడ బరువు సహాయపడదు, రెండూ బరువైనవే. వోల్ఫ్రమైట్‌ని బలమైన అయస్కాంతం లాగుతుంది, కాసిటరైట్‌ని లాగదు. చూశారా, ఒక తేడా అయిపోయాక ఇంకో తేడా. సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ కలిసి ఉంటాయి. విద్యుత్తు ప్రవహించనిచ్చే ఇల్మనైట్, రూటైల్ ఒకవైపు, ప్రవహించనివ్వని జిర్కాన్, మోనజైట్ ఇంకోవైపు. ఆ తర్వాత ఒక్కో జంటలో అయస్కాంతం పెడితే ఇల్మనైట్, మోనజైట్ ఇవతలికొస్తాయి. రెండు తేడాలతో నాలుగు ఖనిజాలు విడిపోయాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ప్లవన ప్రక్రియ. నురుగు తేల్చే పద్ధతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

చాల్కోపైరైట్ సాంద్రత 4.2, క్వార్ట్జ్ 2.65 అన్నాం. మరి తొట్టిలో బరువైన చాల్కోపైరైట్ పైకి తేలి, తేలికైన క్వార్ట్జ్ అడుగునే ఉండిపోవడం ఏమిటి? ఇక్కడ బరువు ప్రసక్తే లేదు కనుక. తేడా ఉపరితలంలో ఉంది. క్వార్ట్జ్ ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది, తడుస్తుంది. సల్ఫైడ్, అంటే చాల్కోపైరైట్ లాంటి గంధకం ఉన్న ఖనిజం, ఉపరితలానికి మనం ఒక పూత పూస్తే అది నీటిని వదిలేసి గాలిని పట్టుకుంటుంది. పైకి మోసుకెళ్లేది నూనె కాదు, గాలి బుడగ. "నూనె ఖనిజాన్ని తడిపి పైకి తెస్తుంది" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది, అది పాతకాలపు మాట. 1886లో క్యారీ ఎవర్సన్ తీసుకున్న పేటెంటు నాటికి నిజంగానే నూనె బోలెడు వాడేవారు. 1900 తర్వాత ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ దగ్గర ఇది పెద్ద ఎత్తున మొదలైంది, అక్కడి టెయిలింగ్స్ గుట్టల్లో ఉండిపోయిన జింక్ కోసం. 1920ల మధ్యలో జాంథేట్లు అనే రసాయనాలు వచ్చాక నూనె కథ ముగిసింది.

జాంథేట్ అణువుకి రెండు కొసలు. గంధకం ఉన్న కొస సల్ఫైడ్ ఖనిజాన్ని పట్టుకుంటుంది, హైడ్రోకార్బన్ తోక నీటికి ఎడంగా బయటికి నిలబడుతుంది. అంతే, ఆ రేణువు ఇప్పుడు నీటికి పరాయిది. ఎంత వేయాలి? టన్ను ముడిఖనిజానికి గ్రాముల్లో. 20 నుంచి 100 గ్రాములు, ఖనిజాన్ని బట్టి. మన వెయ్యి కిలోల రాయికి ఒక 30 గ్రాములు అనుకోండి. ముప్పై గ్రాములు! పూత ఒక్క అణువు మందం ఉన్నా చాలు కాబట్టి అంత తక్కువ సరిపోతుంది.

వరుస ముఖ్యం, రాసుకోండి. సున్నం ముందుగా మిల్లులోనే వేస్తారు. పల్ప్‌లో, అంటే నూరిన రాయి నీళ్లలో కలిసిన జావలో, ఘనపదార్థం 25 నుంచి 40 శాతం మధ్య ఉండేలా నీళ్లు కలుపుతారు. తర్వాత కలెక్టర్, అంటే జాంథేట్. దానికి కొన్ని నిమిషాలు టైమివ్వాలి, ఉపరితలం మీద కూర్చోవడానికి. చివర్లో ఫ్రాదర్, నురుగు తెచ్చేది: పైన్ ఆయిల్ గానీ, ఆల్కహాల్ రకాలు గానీ. అప్పుడు గాలి. ఫ్రాదర్ పని బుడగల్ని చిన్నవిగా ఉంచడం, పైన నురుగు కాసేపు పగలకుండా నిలబెట్టడం. ఎంతసేపు? అంచు దాటి తొట్టిలో పడేంతవరకే. పడ్డాక కూడా నురుగు పగలకపోతే ఇంకో తలనొప్పి, పంపులు దాన్ని లాగలేవు.

సున్నం ఎందుకు? పైరైట్ కోసం. పైరైట్ కూడా సల్ఫైడే కదా, దానికీ జాంథేట్ అతుక్కుంటుంది. పీహెచ్‌ని 10.5 నుంచి 11.5 దాకా లేపితే పైరైట్ మీద ఇనుము హైడ్రాక్సైడ్ పొర కమ్ముకుని అది తేలదు, చాల్కోపైరైట్ తేలుతుంది. సున్నం మరీ ఎక్కువైతే? ముడిఖనిజంలో బంగారం గానీ, మాలిబ్డినైట్ గానీ ఉంటే వాటి రికవరీ పడిపోతుంది. ఇంకో జాగ్రత్త: జాంథేట్‌ని ఆమ్లంతో కలవనివ్వకూడదు. విడిపోయి కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది. విషం, పైగా చటుక్కున అంటుకుంటుంది. జాంథేట్ డ్రమ్ముల్ని తడి తగలని, గాలి ఆడే, నిప్పు లేని చోట పెట్టమనేది ఇందుకే.

సీసం, జింక్ కలిసిన ముడిఖనిజం దగ్గర ఈ విద్య అందం తెలుస్తుంది. గెలీనా, జింక్ ఖనిజం స్ఫాలరైట్ రెండూ సల్ఫైడ్లే. ముందు జింక్ సల్ఫేటు, సోడియం సయనైడ్ వేసి స్ఫాలరైట్‌ని అణగదొక్కుతారు. గెలీనా తేలుతుంది, తీసేస్తారు. తర్వాత కాపర్ సల్ఫేట్ వేస్తారు. ఎందుకు? స్ఫాలరైట్ ఉపరితలం మీది జింక్ స్థానంలో రాగి చేరి, పైన పలచగా కాపర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. జాంథేట్ దృష్టిలో అది ఇప్పుడు రాగి ఖనిజం! తేలిపోతుంది. లోపలంతా జింకే. మరి ఇదే ట్రిక్కు మనకి తెలియకుండా జరిగితే? ముడిఖనిజంలో త్వరగా కరిగే రాగి ఖనిజాలు కొంచెం ఉన్నాయనుకోండి. అవి నీళ్లలో రాగి అయాన్లు వదులుతాయి, మిల్లులోనే స్ఫాలరైట్‌కి పూత పడిపోతుంది, సీసంతో పాటు జింక్ తేలిపోతుంది. సయనైడ్ చేసే పనుల్లో ఒకటి ఆ రాగి అయాన్లని పట్టి కట్టేయడం.

ఇంకా ఏమేం చెడతాయి? చాలా చెడతాయి. తవ్విన సల్ఫైడ్ ముడిఖనిజాన్ని నెలల తరబడి బయట గుట్టపోసి ఉంచితే ఉపరితలం ఆక్సీకరణం చెందుతుంది, జాంథేట్ పట్టదు. ముందుగా సోడియం సల్ఫైడ్ వేసి పైన మళ్లీ సల్ఫైడ్ పొర తెప్పించాలి. అది కొంచెం ఎక్కువైందా, జాంథేట్‌నే తోసేస్తుంది. బంకమట్టి ఎక్కువుంటే ఆ బురద ఖనిజం మీద కమ్ముకుంటుంది, పల్ప్ చిక్కబడి గాలి సరిగ్గా పరుచుకోదు. మరొకటి, అందరూ పొరబడేది: సరుకులో సిలికా ఎక్కువ వస్తోంది, కాబట్టి రసాయనం తప్పు అనుకుంటారు. తరచుగా కాదు. సన్నటి క్వార్ట్జ్ బుడగకి అతుక్కోలేదు, బుడగల మధ్య నీళ్లతో పాటు ఊరికే పైకి వచ్చేసింది. దానికి మందు డిప్రెసెంట్ (తేలకుండా అణిచే రసాయనం) కాదు. నురుగు మందం పెంచండి, గాలి కాస్త తగ్గించండి, నురుగు మీద పైనుంచి నీళ్లు చిలకరించండి. ఆ నీళ్లు దిగుతూ సిలికాని కిందికి కడిగేస్తాయి.

ఒకేసారి తేల్చేస్తే అయిపోదు. మొదట రఫర్ అనే తొట్టి, వచ్చినంత రాగిని తేల్చు అంటుంది. దాని టెయిలింగ్స్ స్కావెంజర్‌కి, మిగిలింది ఏరుకోవడానికి. రఫర్ నురుగు క్లీనర్‌కి. మధ్యలో రఫర్ సరుకుని మాత్రం మళ్లీ నూరుతారు, 20 నుంచి 40 మైక్రాన్లకి. అప్పుడైతే నూరాల్సింది మొత్తంలో పదో వంతు కూడా ఉండదు కదా, కరెంటు ఆదా.

మన లెక్కకి వద్దాం. సరుకులో రాగి 27 శాతం వచ్చిందనుకుందాం. టెయిలింగ్స్‌లో 0.061 శాతం మిగిలింది. రికవరీ ఎంత? తూకాలు అక్కర్లేదు, మూడు శాతాలు చాలు. ముడిఖనిజం శాతంలోంచి టెయిలింగ్స్ శాతం తీసేసి, సరుకు శాతంతో గుణించండి. దాన్ని భాగించాల్సింది ఏంటంటే, సరుకు శాతంలోంచి టెయిలింగ్స్ శాతం తీసేసి, ముడిఖనిజం శాతంతో గుణిస్తే వచ్చేదానితో. లెక్కేయండి. 0.90 వస్తుంది. 90 శాతం. అంటే 6 కిలోల్లో 5.4 కిలోలు దక్కింది, 20 కిలోల సరుకులో. మిగతా 980 కిలోలు ఎటుపోయాయి? టెయిలింగ్స్ చెరువులోకి. కొలిమికి వెళ్లేది వెయ్యి కాదు, ఇరవై.

రికవరీ 97 చేయొచ్చా? చేయొచ్చు, సరుకు 27 నుంచి దిగుతుంది. సరుకు 32 చేయొచ్చా? చేయొచ్చు, రికవరీ దిగుతుంది. రెండూ ఒకేసారి పెరగాలంటే నూరుడు దగ్గరో, రసాయనం దగ్గరో నిజంగా ఏదో మెరుగుపడాలి. ఏ ప్లాంటైనా ఈ రెంటిలో ఒక్క అంకె మాత్రమే గొప్పగా చెబుతుంటే రెండోది అడగండి.

నిక్షాళనం, అంటే ద్రావణంలో కరిగించి తీయడం, గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళదాం. భౌతికంగా తేడా దొరకనప్పుడు రసాయనాన్ని అడుగుతాం. అల్యూమినియం ముడిఖనిజమైన బాక్సైట్‌లో అల్యూమినా, ఇనుము ఆక్సైడ్ ఎంత సన్నగా కలిసిపోయి ఉంటాయంటే, నూరి విడదీయడం జరిగే పని కాదు. కానీ అల్యూమినా కాస్టిక్ సోడాలో కరుగుతుంది, ఇనుము ఆక్సైడ్ కరగదు. 1888 నాటి బేయర్ పద్ధతి అదే. ఒత్తిడిలో, గిబ్సైట్ రకానికి 150 డిగ్రీల దగ్గర, బోహ్‌మైట్ ఉంటే ఇంకా పైకి. ఇబ్బంది పెట్టేది సిలికా. బంకమట్టి రూపంలో ఉన్న సిలికా సోడాలో కరిగి, మళ్లీ సోడియం అల్యూమినో సిలికేట్‌గా గడ్డకడుతుంది. పోతూ పోతూ సోడానీ, అల్యూమినానీ రెంటినీ పట్టుకుపోతుంది. అందుకే బాక్సైట్ కొనేవాళ్లు అల్యూమినా ఎంత అని అడిగి ఊరుకోరు, స్పందించే సిలికా ఎంత అని కూడా అడుగుతారు. బంగారానికి సయనైడ్: పలచని ద్రావణం, గాలిలోని ఆక్సిజన్ తప్పనిసరి, పీహెచ్ 10.5 పైన. పీహెచ్ దిగితే సయనైడ్ విషవాయువై లేచిపోతుంది. అక్కడ సున్నం ప్రాణాలు కాపాడే వస్తువు.

మన 20 కిలోల సరుకు కొలిమికి వెళ్లింది. ప్రగలనంలో, అంటే కొలిమిలో కరిగించడంలో, మాటీ (రాగి, ఇనుము సల్ఫైడ్ల కరుగు) అయింది, మాటీని కన్వర్టర్‌లో ఊదితే బ్లిస్టర్ కాపర్ అయింది. 98, 99 శాతం రాగి. ఈ మధ్య దశల మీద ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు. ఇక్కడ మనకి కావలసింది ఒకటే: బ్లిస్టర్ అనే పేరు ఎందుకొచ్చింది? కరిగిన రాగిలో గంధకం, ఆక్సిజన్ రెండూ కరిగి ఉంటాయి. గడ్డకట్టేటప్పుడు అవి కలిసి సల్ఫర్ డయాక్సైడ్ బుడగలై వస్తాయి. పైన బొబ్బలు.

బొబ్బలున్న రాగిని పలకలుగా పోస్తే ఏమవుతుంది? పలక వంకర, లోపల గుల్ల. విద్యుత్ తొట్టిలో సరిగ్గా వేలాడదు, సమంగా కరగదు. అందుకని ముందు అగ్నిశోధనం. గాలి ఊది గంధకాన్ని తీసేస్తారు. దాంతో ఏమవుతుంది? గంధకం పోయింది, కానీ ఆక్సిజన్ ఎక్కువైంది, అర శాతం దాటుతుంది. అప్పుడు పోలింగ్: పూర్వం పచ్చి కర్ర దుంగల్ని కరిగిన రాగిలో ముంచేవారు, ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు ఊదుతారు. ఆక్సిజన్‌ని 0.2 శాతం లోపుకి దించుతారు. పూర్తిగా సున్నా చేయరు. మరీ ఎక్కువసేపు పోలింగ్ చేస్తే రాగిలోకి హైడ్రోజన్ దిగుతుంది, పోత పోసేటప్పుడు మళ్లీ బుడగలే.

ఇక విద్యుత్ శోధనం. ఆనోడ్, అంటే కరగాల్సిన మన రాగి పలక, 300 నుంచి 400 కిలోలు, సుమారు ఒక మీటరు చదరం, 4, 5 సెంటీమీటర్ల మందం. ఎదురుగా కాథోడ్, శుద్ధమైన రాగి పట్టేది: పూర్వం పల్చటి రాగి రేకు, ఇప్పుడు చాలాచోట్ల స్టెయిన్‌లెస్ స్టీల్ పలక, దాని మీద పట్టిన రాగిని ఒలిచేస్తారు. ద్రావణంలో లీటరుకి రాగి 40 నుంచి 50 గ్రాములు, సల్ఫ్యూరిక్ ఆమ్లం 150 నుంచి 200 గ్రాములు. వేడి 60 నుంచి 65 డిగ్రీలు. వోల్టేజి ఎంత? ఎవరైనా చెబుతారా? 0.3 వోల్టు. అంతే. టార్చిలైట్ సెల్లులో అయిదో వంతు.

ఎందుకంత తక్కువ? ఒకవైపు రాగి కరుగుతోంది, ఇంకోవైపు అదే రాగి పడుతోంది. రెండు చర్యలూ ఒకటే, దిశలు వేరు. రసాయనపరంగా కట్టాల్సిన మూల్యం దాదాపు లేదు. కట్టేదంతా ద్రావణం నిరోధానికి, కాంటాక్టులకి. టన్నుకి 300 నుంచి 400 కిలోవాట్ అవర్లు. అదే ద్రావణంలోంచి నేరుగా రాగి తీయాలంటే, అక్కడ కరగని ఆనోడ్ మీద నీటిని విడగొట్టాలి, 2 వోల్టులు కావాలి. కరెంటు ఐదారు రెట్లు. రెండూ విద్యుద్విశ్లేషణే అని ఒకే గాటన కట్టకండి.

శుద్ధి ఎలా అవుతుంది? వరుస చూడండి. ప్రమాణ పొటెన్షియల్, అంటే ఎక్కువుంటే లోహం కరగడానికి మొండికేస్తుందని చెప్పే అంకె, రాగికి 0.34 వోల్టు. వెండికి 0.80, బంగారానికి ఇంకా ఎక్కువ. నికెల్ మైనస్ 0.25, ఇనుము మైనస్ 0.44, జింక్ మైనస్ 0.76. నికెల్, ఇనుము, జింక్ రాగితో పాటు కరుగుతాయి, కానీ ఆ వోల్టేజి దగ్గర కాథోడ్ మీద పడలేవు, ద్రావణంలోనే ఉండిపోతాయి. బంగారం, ప్లాటినం కరగవు, పలక కరిగిపోతుంటే అడుగున రాలతాయి. అదే ఆనోడ్ మడ్డి. వెండి ఏ కొంచెం కరిగినా ద్రావణంలో కాస్త క్లోరైడ్ ఉంచితే సిల్వర్ క్లోరైడై అదీ మడ్డిలోకి చేరుతుంది. సీసం ఎక్కడికి పోతుంది? పొటెన్షియల్ చూస్తే కరగాలి. కరుగుతుంది, కానీ ఎదురుగా సల్ఫేటు ఉంది కదా, లెడ్ సల్ఫేటై మడ్డిలో పడుతుంది. ప్రపంచానికి వచ్చే సెలీనియం, టెల్లూరియంలలో ఎక్కువ భాగం ఈ మడ్డిలోంచే.

మరి కష్టం ఎక్కడ? తేడా తక్కువ ఉన్నచోట. ఆర్సెనిక్, యాంటిమొనీ, బిస్మత్. వీటి పొటెన్షియల్స్ రాగికి దగ్గర దగ్గరగా ఉంటాయి. ద్రావణంలో పేరుకుంటే కాథోడ్‌లోకి చొరబడతాయి. యాంటిమొనీ, బిస్మత్ ఇంకో పని కూడా చేస్తాయి. సన్నటి తేలే మడ్డిగా మారి, మునగకుండా తిరుగుతూ కాథోడ్ మీద అతుక్కుంటాయి. బిస్మత్ కొంచెం చేరినా రాగి తీగ లాగేటప్పుడు పెళుసుగా తెగుతుంది. అందుకే ద్రావణంలో కొంత భాగాన్ని ఎప్పటికప్పుడు పక్కకి తీసి శుభ్రం చేస్తారు. అందులో రాగి బాగా తగ్గే దాకా కరెంటు పంపితే ఆర్సెనిక్ బయటపడుతుంది. మరీ తగ్గిపోతే ఆర్సీన్ వాయువు వస్తుంది. ప్రాణాంతకం. ఆ తొట్ల మీద గాలి లాగే గొట్టాలు లేకుండా పని చేయకూడదు.

కరెంటు ఎంత పంపాలి? చదరపు మీటరుకి 200 నుంచి 300 ఆంపియర్లు మామూలు. ఒక ఆంపియర్ ఒక గంట పారితే 1.186 గ్రాముల రాగి పడుతుంది, ఫారడే లెక్క. కాథోడ్ రెండు వైపులా కలిపి 2 చదరపు మీటర్లు, 250 ఆంపియర్ల చొప్పున 500 ఆంపియర్లు. ఏడు రోజులంటే 168 గంటలు. గుణిస్తే దాదాపు 100 కిలోలు. నిజంగా 95 వస్తే బాగా నడుస్తున్నట్టు. 85 వచ్చిందా? ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉంది. కాథోడ్ మీద బుడిపె లేచి ఆనోడ్‌ని తాకింది. కరెంటు అటునుంచి ఊరికే పారిపోతోంది, రాగి పడడంలేదు. తాకిన పలకలు వేడెక్కుతాయి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో కనబడతాయి. బుడిపెలు ఎందుకు లేస్తాయి? పలకలు వంకరగా వేలాడితే, మడ్డి రేగితే, జిగురు తగ్గితే. అవును, జిగురు. జంతువుల ఎముకల జిగురు, థయోయూరియా, టన్ను రాగికి గ్రాముల లెక్కన వేస్తారు. అవి ఎత్తుగా ఉన్నచోట చేరి అక్కడ పడే వేగాన్ని తగ్గిస్తాయి, ఉపరితలం నునుపుగా పెరుగుతుంది. కరెంటు పెంచితే ఉత్పత్తి పెరుగుతుంది కదా అని పెంచితే? ఒక హద్దు దాటాక ఆనోడ్ మీద కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు కమ్ముకుని అది కరగడం మానేస్తుంది, వోల్టేజి ఎగబాకుతుంది.

సుమారు మూడు వారాలకి ఆనోడ్ అయిపోతుంది. చివర్లో 15 శాతం అటూఇటూ తుక్కు మిగులుతుంది, మళ్లీ కొలిమికి. 99.99 శాతం రాగి చేతిలో ఉంది. 0.6 నుంచి ఇక్కడికి వచ్చాం.

మిగతా లోహాలకి వేరే తేడాలు. గబగబా చెబుతాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, వాలు పొయ్యి మీద కరిగి కిందికి జారుతుంది, మాలిన్యాలు పైన ఉండిపోతాయి. జింక్ 907 డిగ్రీలకి మరుగుతుంది, సీసం 1700 దాటితే గానీ మరగదు, స్వేదనం సరిపోతుంది. కానీ కాడ్మియం 767కే మరుగుతుంది, జింక్‌తోనే లేచిపోతుంది, దానికి ఇంకో కాలమ్ పెట్టాలి. సీసంలో వెండి ఉంటే కరిగిన సీసంలో జింక్ కలుపుతారు. వెండికి సీసం కన్నా జింక్ అంటే చాలా ఇష్టం, జింక్‌తో పాటు పైన తెట్టుకడుతుంది. 1850 నాటి పార్క్స్ పద్ధతి. నికెల్‌ని 60 డిగ్రీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపితే కార్బొనైల్ ఆవిరై పోతుంది, కోబాల్ట్, రాగి వెనక ఉండిపోతాయి. 200 డిగ్రీల దగ్గర అది మళ్లీ విడిపోయి స్వచ్ఛమైన నికెల్ ఇస్తుంది. ఈ పద్ధతిని లుడ్విగ్ మాండ్ అనే రసాయన శాస్త్రవేత్త 1890లో ప్రకటించారు. నికెల్ కార్బొనైల్ భయంకరమైన విషం, లీకేజి లేని పరికరం ఉంటే తప్ప ఆ పేరు ఎత్తకూడదు.

మొదట్లో అన్నాను, తేడా లేకపోతే గొప్ప పద్ధతైనా పనిచేయదని. రెండు ఉదాహరణలతో ఆపేస్తాను.

ఒకటి, జిర్కోనియం. వాన్ ఆర్కెల్ పద్ధతి, 1925. అయోడిన్‌తో టెట్రా అయోడైడ్ చేసి, 1300 డిగ్రీలు దాటిన తీగ మీద విడగొడతారు. ఆక్సిజన్, నైట్రోజన్ వెనక ఉండిపోతాయి, లోహం సాగే గుణంతో వస్తుంది. చాలా బాగుంది. కానీ జిర్కోనియంతో ఎప్పుడూ హాఫ్నియం ఉంటుంది. అణు రియాక్టర్‌కి అది పనికిరాదు, న్యూట్రాన్లని వందల రెట్లు ఎక్కువ మింగుతుంది. వాన్ ఆర్కెల్ దాన్ని తీస్తుందా? తీయదు. హాఫ్నియం కూడా అచ్చం అలాగే అయోడైడ్ అవుతుంది, అదే తీగ మీద అలాగే విడిపోతుంది. దాన్ని ముందే, ద్రావణ దశలోనే, ద్రావణి నిష్కర్షణతో, అంటే ఒక ద్రవంలోంచి కలవని ఇంకో ద్రవంలోకి లాగి, తీసేయాలి. పరీక్షలో "జిర్కోనియం శుద్ధి: వాన్ ఆర్కెల్" అని రాస్తే మార్కులొస్తాయి. రియాక్టర్ మాత్రం నడవదు.

రెండోది సిలికాన్. మండల శోధనం, 1950ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో విలియం ఫాన్ జెర్మేనియం కోసం తెచ్చింది. కడ్డీ మీద సన్నటి కరిగిన పట్టీని మెల్లగా నడిపిస్తారు. మాలిన్యం గడ్డకట్టే భాగంలో ఉండడం కన్నా కరిగిన భాగంలో ఉండడాన్నే ఇష్టపడుతుంది, పట్టీతో పాటు చివరికి పోతుంది. చివర కోసి పారేస్తారు. ఎంత ఇష్టపడుతుంది? గడ్డకట్టినదానిలో ఉన్నది, కరిగినదానిలో ఉన్నది, ఈ నిష్పత్తే వితరణ గుణకం. సిలికాన్‌లో అల్యూమినియంకి అది 0.002. ఒక్కసారి నడిపితే కడ్డీ మొదట్లో వెయ్యికి రెండు మిగులుతాయి. అద్భుతం. అదీ మెల్లగా నడిపితేనే. వేగం పెంచితే మాలిన్యం పట్టీలో కలిసేలోపే అంచు దగ్గర గడ్డకట్టేస్తుంది. ఫాస్ఫరస్‌కి 0.35, పర్లేదు, చాలాసార్లు నడపాలి. బోరాన్‌కి? 0.8. ఒకసారి నడిపితే వందకి ఎనభై అక్కడే. ఇరుకున పడ్డాం కదా.

అందుకని సిలికాన్ శుద్ధి మండలంతో మొదలుకాదు. ముడి సిలికాన్‌ని హైడ్రోజన్ క్లోరైడ్‌తో ట్రైక్లోరోసిలేన్‌గా మారుస్తారు, అది 32 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. బోరాన్ ట్రైక్లోరైడ్ 12.5 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్ 76 దగ్గర. ఒకటి ముందు పోతుంది, ఇంకోటి వెనక ఉంటుంది, మధ్యలోది మనది. పొడవాటి కాలమ్‌లో ఒకటికి రెండుసార్లు స్వేదనం చేసి, 1100 డిగ్రీల వేడి కడ్డీ మీద హైడ్రోజన్‌తో కలిపి పంపితే సిలికాన్ పేరుకుంటుంది. ఘనరూపంలో దొరకని తేడా, క్లోరైడ్‌గా మార్చాక ఇరవై డిగ్రీలుగా బయటపడింది.